డిజైన్ వాల్‌పేపర్ పక్కన ప్లెయిన్ టెక్స్చర్: జోడీ కుదరాలంటే ఏం చూడాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్, ఇంకా గృహప్రవేశం కాలేదు. హాల్లో సోఫా వెనక గోడ 14 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. దానికి ముదురు ఆకుపచ్చ మీద పెద్ద పెద్ద ఆకులున్న డిజైన్ మీకు నచ్చింది. దానికి అటూ ఇటూ ఉన్న 11 అడుగుల గోడలకు అదే కేటలాగ్‌లోని ప్లెయిన్ టెక్స్చర్, అంటే బొమ్మల్లేకుండా గరుకుగా ఉండే ఒకే రంగు పేపర్, వేయమని షాపులో చెప్పారు. పడకగదిలో మంచం తలవైపు గోడకు నారతో చేసే గ్రాస్‌క్లాత్, ఎదురు గోడకు చిన్న పూల డిజైన్ అనుకుంటున్నారు. మీ అత్తగారు మాత్రం ముదురు రంగు వేస్తే ఇల్లు చీకటైపోతుందంటున్నారు. రెండు రకాల పేపర్లు ఒకే గదిలో కలుస్తాయా అన్నది మీ సందేహం.

కలుస్తాయండీ, చాలా బాగా కలుస్తాయి. వాల్‌పేపర్లు, ఇంటీరియర్ పనుల్లోనే నేను చాలాకాలంగా ఉన్నాను. హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో ఎక్కువగా చూసేది ఏమిటంటే, డిజైన్ పేపర్ ఎంచుకోవడానికి ఇంటిల్లిపాదీ నెల రోజులు చర్చిస్తారు, ప్లెయిన్ పేపర్ మాత్రం బిల్లు రాయించే ముందు ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. గది బాగా రాలేదని తర్వాత బాధపడేది దాదాపు ఎప్పుడూ ఆ ప్లెయిన్ వల్లే. ఎందుకంటే డిజైన్ ఉండేది ఒక్క గోడ మీద, ప్లెయిన్ ఉండేది రెండు మూడు గోడల మీద. గదిలోకి వచ్చే వెలుతురు పడేది, పిల్లల చేతులు తగిలేది, అతుకులు బయటపడేది అన్నీ దాని మీదే. కాబట్టి నా సలహా అంతా ఒకటే: డిజైన్ ముందు ఎంచుకోండి, కానీ దానికి పెట్టిన సమయానికి రెట్టింపు ప్లెయిన్ టెక్స్చర్‌కి పెట్టండి.

ముందు రంగు సంగతి. "అదే కేటలాగ్‌లోది వేస్తే మ్యాచ్ అవుతుంది" అన్న మాట అబద్ధం కాదు. కేటలాగ్‌లో ప్రతి డిజైన్ పక్కన ఒకటో రెండో ప్లెయిన్ షీట్లు పెడతారు. కానీ అవి చాలాసార్లు డిజైన్ వెనక ఉన్న బ్యాక్‌గ్రౌండ్ రంగులోనే ఉంటాయి. మీ విషయంలో ఆ బ్యాక్‌గ్రౌండ్ రంగు ముదురు ఆకుపచ్చ. అంటే ఒక గోడ మీద ఆకుపచ్చ ఆకులు, పక్క రెండు గోడల మీద ముదురు ఆకుపచ్చ ప్లెయిన్. మీ అత్తగారు భయపడుతున్నది సరిగ్గా దీని గురించే, ఆవిడ చెప్పింది సబబే. అలాగని ఆకుల డిజైన్ వదులుకోనక్కర్లేదు. ఆ పేపర్‌ని దగ్గరగా చూడండి. ముదురు ఆకుపచ్చ కాకుండా అందులో ఇంకో మూడు నాలుగు రంగులుంటాయి. ఆకు ఈనెల్లో లేత గోధుమో మీగడ రంగో, ఎండుటాకు అంచుల్లో కాస్త మట్టి రంగు. వీటిలో అన్నిటికంటే తక్కువ చోట కనబడే లేత రంగును పట్టుకుని ప్లెయిన్ ఎంచుకోండి. అప్పుడు ముదురు గోడ ఒక్కటే ఉంటుంది, మిగతా గది తేలిగ్గా ఉంటుంది, రెండింటికీ సంబంధం కూడా కనబడుతుంది. అది అదే కంపెనీ కేటలాగ్‌లో దొరక్కపోతే వేరే కేటలాగ్‌లో వెతకండి, తప్పేం లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గరుకుగా ఉన్న పేపర్ అదే రంగులో ఉన్న నున్నటి పేపర్ కంటే ఒక మెట్టు ముదురుగా కనబడుతుంది. ప్రతి పోగు, ప్రతి ఉబ్బు పక్కన సన్నటి నీడ పడుతుంది, ఆ నీడలన్నీ కలిసి రంగును కిందికి లాగుతాయి. అందుకని డిజైన్‌లోని మీగడ రంగుకు సరిగ్గా సరిపోయే టెక్స్చర్ దొరికిందని సంతోషపడకుండా, దానికంటే కాస్త లేతది కూడా తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. గోడ మీద నిలబెట్టినప్పుడు లేతదే సరిపోవడం తరచూ జరుగుతుంది.

"నిలబెట్టినప్పుడు" అని కావాలనే అంటున్నాను. షాపులో కేటలాగ్‌ని బల్ల మీద పరిచి, పై నుంచి ట్యూబ్‌లైట్ పడుతుండగా చూస్తాం. ఇంట్లో పేపర్ నిలువుగా ఉంటుంది, వెలుతురు పక్క నుంచి వస్తుంది. నున్నటి పేపర్‌కి దీనివల్ల పెద్ద తేడా రాదు, టెక్స్చర్‌కి మాత్రం మొత్తం తేడా ఇదే. కేటలాగ్ ఒక పూట ఇంటికి ఇవ్వమని అడగండి, చాలా షాపులవాళ్లు ఇస్తారు. గోడకి ఆనించి నిలబెట్టి ఉదయం పది గంటలకు ఒకసారి, సాయంత్రం లైట్లు వేశాక ఒకసారి చూడండి. మన ఇళ్లలో ఇప్పటికీ 6500 కెల్విన్ తెల్లటి లైట్లు చాలా ఎక్కువ. షోరూముల్లో 3000 కెల్విన్ పసుపు లైట్ల కింద వెచ్చగా, ఖరీదుగా కనబడిన గోధుమ రంగు మన ట్యూబ్‌లైట్ కింద బూడిద రంగులోకి తిరిగిపోతుంది. హాల్లో లైట్లు ఇంకా కొనకపోతే పేపర్‌తో పాటే నిర్ణయించుకోండి. 3000 నుంచి 4000 మధ్య తీసుకుంటే ఆకుపచ్చ కూడా చచ్చిపోకుండా ఉంటుంది.

రంగు చూసేటప్పుడు పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టుకోండి. లేత గోధుమ, ఆఫ్ వైట్, ఐవరీ అని పిలిచే రంగులన్నీ విడిగా చూస్తే ఒకేలా ఉంటాయి. తెల్ల కాగితం పక్కన పెట్టగానే ఒకటి గులాబీ ఛాయలో, ఒకటి పసుపు ఛాయలో, ఒకటి ఆకుపచ్చ ఛాయలో ఉన్నట్టు తెలిసిపోతుంది. మీ ఆకుల డిజైన్ పక్కన గులాబీ ఛాయ ఉన్న గోధుమ రంగు వేస్తే అది ఇంకా గులాబీగా కనబడుతుంది, ఎందుకంటే ఆకుపచ్చ పక్కన ఎరుపు వైపు ఉన్న ఏ రంగైనా తేలుతుంది. మీకు పసుపు ఛాయ ఉన్నది కావాలి. కలంకారీ తరహా డిజైన్లు ఇష్టపడేవాళ్లకు కూడా ఇదే చెబుతుంటాను. కలంకారీలో నీలం, మంజిష్ఠ ఎరుపు, నలుపు, పసుపు అన్నీ కోరా గుడ్డ రంగు మీద ఉంటాయి. దాని పక్కన పాలలాంటి తెలుపు వేస్తే డిజైన్ మాసిపోయినట్టు కనబడుతుంది. కోరా రంగులో నార నేత ఉన్న టెక్స్చర్ వేస్తే అదే డిజైన్ నిండుగా ఉంటుంది. నిజానికి మన మచిలీపట్నం తీరం నుంచి వెళ్లిన ఇలాంటి అద్దకపు బట్టల పూలూ తీగలే 18వ శతాబ్దంలో ఐరోపా వాల్‌పేపర్ల మీదికి ఎక్కాయి. ఇప్పుడు కేటలాగ్‌లో విదేశీ డిజైన్‌గా చూస్తున్న తీగల పేపర్లు కొన్నిటికి మూలం మన దగ్గరే ఉందంటే నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది.

ఇక టెక్స్చర్ ఎలాంటిది ఎంచుకోవాలి. పెద్ద డిజైన్ పక్కన సన్నటి టెక్స్చర్, చిన్న డిజైన్ పక్కన కాస్త బరువైన టెక్స్చర్. మీ ఆకులు పెద్దవి కాబట్టి లినెన్ గుడ్డలా దగ్గరగా, సన్నగా నేసినట్టున్న పేపర్ చాలు. ఐదారు అడుగుల దూరం నుంచి అది రంగుగానే కనబడాలి, దగ్గరికి వెళ్తే మాత్రమే నేత తెలియాలి. పడకగదిలో చిన్న పూల డిజైన్ సంగతి వేరు. చిన్న డిజైన్ పది అడుగుల దూరం నుంచి చూస్తే ఎలాగూ కలిసిపోయి ఒక రంగులా కనబడుతుంది. దాని పక్కన మళ్లీ సన్నటి టెక్స్చర్ వేస్తే గదిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ టస్సర్ పట్టులా అడ్డంగా దారాలు లేచినట్టున్నది బాగుంటుంది.

టెక్స్చర్‌కి దిశ ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. అడ్డ దారాలు గోడను వెడల్పుగా చూపిస్తాయి, నిలువు గీతల నేత ఎత్తుగా చూపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేశాక ఎత్తు ఎనిమిదిన్నర అడుగులకు దిగిపోయిన గదిలో అడ్డ దారాల టెక్స్చర్ వేస్తే పైకప్పు ఇంకా కిందికి వచ్చినట్టుంటుంది. పూలు, ఆకులు, తీగలు లాంటి డిజైన్లకు ఏ దిశ అయినా సర్దుకుంటుంది. చారలు, త్రికోణాలు, గళ్లు లాంటి వాటికి మాత్రం దిశ లేని టెక్స్చర్, అంటే సిమెంటు పూతలానో సున్నం గోడలానో ఉండేది తీసుకోవాలి. లేకపోతే డిజైన్ గీతలూ నేత గీతలూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

ఇటుక, రాయి, చెక్క పలకలు అచ్చేసిన పేపర్లను చాలామంది ప్లెయిన్ టెక్స్చర్ కింద లెక్కేస్తారు. అవి ప్లెయిన్ కాదు. ఇటుక వరసలు కూడా డిజైనే. ఆకుల గోడ పక్కన ఇటుక పేపర్ వేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

మెరుపు గురించి ఒక్క మాట. డిజైన్‌లో బంగారు గీతలు, మెరుపు పొడి ఉంటే ప్లెయిన్ పూర్తిగా మ్యాట్ ఉండాలి. రెండూ మెరిస్తే సాయంత్రం లైట్లు వేశాక గదిలో కూర్చోలేం. పైగా మెరిసే పేపర్ గోడలోని ప్రతి ఎత్తుపల్లాన్నీ బయటపెడుతుంది.

గ్రాస్‌క్లాత్ దగ్గరికి వస్తాను, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. గ్రాస్‌క్లాత్ అంటే సిసల్, జనపనార లాంటి నిజమైన నారలను కాగితం మీద అతికించి చేసేది. చాలా అందంగా ఉంటుంది, నాకు వ్యక్తిగతంగా ఎంతో ఇష్టం. కానీ మంచం తలవైపు గోడకు మన ఇళ్లలో అది పనికిరాదు. తలకు నూనె రాసుకుని వెనక్కి ఆనుకుంటాం, పిల్లలు దిండు పెట్టుకుని ఆనుకుంటారు. నార నూనెను పీల్చేసుకుంటుంది, ఆ మరక పోదు. తడి గుడ్డతో తుడిస్తే నీటి మరక కూడా మిగులుతుంది. ఇంకో సంగతి, సహజమైన నార కాబట్టి రోల్ నుంచి గోడ ఎత్తుకు కోసిన షీటుకీ షీటుకీ రంగు తేడా ఉంటుంది, అతుకులు స్పష్టంగా కనబడతాయి. అది దాని స్వభావం, లోపం కాదు. కానీ ముందే తెలియకపోతే పనివాడు పాడుచేశాడని అనుకుంటాం. నేరుగా ఎండపడే చోట త్వరగా వెలిసిపోతుంది కూడా. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమకు నేనైతే అసలు వేయమని చెప్పను.

మీకు ఆ రూపమే కావాలంటే గ్రాస్‌క్లాత్‌లా కనబడే వినైల్, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ తీసుకోండి, తడి గుడ్డతో తుడుచుకోవచ్చు. నిజమైన గ్రాస్‌క్లాత్ మీద నుంచి మనసు మళ్లకపోతే అద్దం వెనక గోడకో, చేతులు తగలని చిన్న గోడకో పెట్టుకోండి. ఇంకో మార్పు కూడా ఆలోచించండి. పూల డిజైన్‌ను తలవైపు గోడకు, టెక్స్చర్‌ను మంచానికి ఎదురు గోడకు మార్చండి. పడుకున్నప్పుడు కళ్లకు కనబడేది ఎదురు గోడ, అది ప్రశాంతంగా ఉండటమే మేలు. గదిలోకి అడుగుపెట్టినప్పుడు కనబడేది మంచం గోడ, డిజైన్ అక్కడే రాణిస్తుంది. పైగా పూల డిజైన్ మీద చిన్న మరకలు అంతగా కనబడవు, ప్లెయిన్ మీద గోరంత మరక కూడా కనబడుతుంది. టీవీ ఉండేది కూడా ఎదురు గోడకే అయితే డిజైన్ అక్కడ ఎలాగూ వద్దు, చూసేవాళ్ల కళ్లు లాగుతాయి.

పేపర్ లేబుల్ మీద గుర్తులుంటాయి, చదవడం నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. అలల గుర్తు ఒకటే ఉంటే తడి స్పంజితో మెల్లగా అద్దొచ్చు, రెండుంటే తుడవొచ్చు, మూడుంటే బాగా తుడవొచ్చు, బ్రష్ బొమ్మ ఉంటే రుద్దొచ్చు. సూర్యుడి గుర్తు ఎండకు రంగు ఎంత నిలుస్తుందో చెబుతుంది. ఎదురెదురుగా రెండు బాణాలు సమానంగా ఉంటే షీట్ల మీద డిజైన్ నేరుగా కలుస్తుంది. బాణాలు ఎత్తు తేడాతో ఉంటే సగం రిపీట్ దిగి కలుస్తుంది (రిపీట్ అంటే నిలువుగా అదే డిజైన్ మళ్లీ మొదలయ్యే దూరం). బాణం పక్కన సున్నా ఉంటే కలపాల్సిన పనే లేదు. ప్లెయిన్ టెక్స్చర్లలో కొన్నిటికి పైకొకటి, కిందికొకటి బాణాలుంటాయి. ఒక షీటు మామూలుగా వేసి, తర్వాతది తలకిందులుగా తిప్పి వేయమని దాని అర్థం. అచ్చులో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు రంగు కొద్దిగా మారుతుంది. తిప్పి వేస్తే ఒకే రకం అంచులు పక్కపక్కన వచ్చి తేడా తెలియదు. ఇది చూడకుండా అన్నీ ఒకేవైపు వేసేస్తే ప్లెయిన్ గోడ మొత్తం నిలువు పట్టీలుగా కనబడుతుంది. మీరు దగ్గరుండి పనివాడికి ఈ గుర్తు చూపించండి, చాలామంది డిజైన్ పేపర్‌కే జాగ్రత్త పడతారు, ప్లెయిన్‌కి పడరు.

ఇప్పుడు లెక్క. మన దగ్గర ఎక్కువగా దొరికే రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు, అంటే 57 చదరపు అడుగులు. షాపులో 14ని తొమ్మిదిన్నరతో గుణించి 133 చదరపు అడుగులు, దాన్ని 57తో భాగించి 3 రోల్స్ అంటారు. వాల్‌పేపర్‌ని అలా లెక్కేయకూడదు, షీట్లు లెక్కేయాలి. 14 అడుగులంటే 4.27 మీటర్లు. 53 సెంటీమీటర్ల షీట్లు 8 వేస్తే 4.24 మీటర్లే వస్తుంది. ఆ చివరి 3 సెంటీమీటర్ల కోసం తొమ్మిదో షీటు కావాలి. ఎత్తు 2.9 మీటర్లు, పైనా కిందా కోతకు కలిపి 3 మీటర్లు. డిజైన్ రిపీట్ 64 సెంటీమీటర్లు అనుకుందాం, పెద్ద ఆకుల డిజైన్లకు అలాంటి రిపీట్ మామూలే. అప్పుడు ఒక షీటు మొదటి నుంచి తర్వాతి షీటు మొదటికి 3.20 మీటర్లు, అంటే 5 రిపీట్లు పోతాయి. నేరుగా కలిసే డిజైన్ అయితే రోల్‌కి 3 షీట్లు వస్తాయి, 3 రోల్స్ సరిపోతాయి. సగం దిగి కలిసే డిజైన్ అయితే చివరి రోల్‌లో మూడో షీటు రాకపోవచ్చు, 4 రోల్స్ తీసుకోవాలి. మీ పేపర్ రిపీట్ లేబుల్ మీద చూసి ఇదే పద్ధతిలో వేసుకోండి.

ప్లెయిన్‌కి వృథా తక్కువ. 11 అడుగుల గోడకు 7 షీట్లు, రెండు గోడలకు 14, రోల్‌కి 3 చొప్పున 5 రోల్స్. తలుపు, కిటికీ ఉంటే కాస్త మిగులుతుంది. కానీ ప్లెయిన్‌కి నేను వీలైతే కొరియన్ రోల్స్ చూడమంటాను. వెడల్పు సుమారు 1.06 మీటర్లు, పొడవు పదిహేనున్నర మీటర్లు. గోడకు 7 షీట్లకు బదులు 4 చాలు. అంటే అతుకులు సగానికి తగ్గుతాయి. డిజైన్ పేపర్‌లో అతుకు ఆకుల మధ్య దాక్కుంటుంది, ప్లెయిన్‌లో దాక్కోవడానికి చోటుండదు, అందుకే ఇక్కడ వెడల్పు రోల్ విలువ ఎక్కువ.

ఏది కొన్నా అన్ని రోల్స్ మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో కవర్ విప్పకముందే చూడండి. ప్లెయిన్‌లో ఒక రోల్ ఎక్కువ కొని దాచుకోండి. ఏసీ పైపు కోసం గోడ తవ్వాల్సి వస్తుంది, స్విచ్‌బోర్డు మారుతుంది, అప్పుడు అదే బ్యాచ్ ఎక్కడా దొరకదు.

రెండు పేపర్లు ఎక్కడ కలవాలన్నది చాలా ముఖ్యం. మీ హాల్లో డిజైన్ గోడ రెండు లోపలి మూలల మధ్య ఉంది, ఇది అదృష్టం. లోపలి మూల కంటే మంచి సరిహద్దు లేదు. పలచగా ఉన్న పేపర్, బహుశా మీ డిజైన్, మూల దాటి పక్క గోడ మీదికి అర సెంటీమీటరు తిరగాలి. మందంగా ఉన్న టెక్స్చర్‌ను దాని మీదుగా తెచ్చి సరిగ్గా మూలలో కోయాలి. దీని ఉల్టా చేస్తే మందపు పేపర్ మూలలో ఉబ్బుతుంది. వినైల్ మీద వినైల్ వచ్చిన ఆ అర సెంటీమీటరుకు మామూలు పేస్టు పట్టదు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకులకు వాడే గమ్ వేరే ఉంటుంది, అది వాడమనండి. గోడ మూలలు ఎప్పుడూ నిటారుగా ఉండవు, కాబట్టి మొదటి షీటు మూలను నమ్మి కాకుండా లేజర్ గీతను నమ్మి మొదలుపెట్టాలి. మీ తొమ్మిదో షీటు సమస్య కూడా ఇక్కడే తీరుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి రెండో మూలలో 3 సెంటీమీటర్ల ముక్క అతికించేకంటే, పెద్ద ఆకు గుత్తి సోఫా నడిమధ్యకు వచ్చేలా ఒక షీటు మధ్యలో వేసి రెండు వైపులకూ వెళ్లండి. రెండు మూలల్లోనూ దాదాపు సగం షీటు చొప్పున వస్తుంది, చూడటానికి కొలిచి చేసినట్టుంటుంది.

ప్లెయిన్ గోడలకు మాత్రం కిటికీ వైపు నుంచి మొదలుపెట్టి వెలుతురుకు దూరంగా వెళ్లాలి, అతుకు అంచుల నీడ కనబడదు. ఫాల్స్ సీలింగ్‌లో గోడకు ఆనుకుని స్ట్రిప్ లైట్ పెట్టించుకుంటే ఆ వెలుతురు గోడ మీదుగా జారుతూ టెక్స్చర్‌ను అద్భుతంగా చూపిస్తుంది. అదే వెలుతురు అతుకునీ, లప్పం సరిగ్గా రుద్దని చోటునీ కూడా చూపిస్తుంది. అలాంటి లైట్ ఉన్న గోడకు లప్పం పని పూర్తయ్యాక రాత్రిపూట టార్చ్ గోడకు ఆనించి పక్కకు వేసి చూసుకోండి. గుంటలన్నీ అప్పుడే కనబడతాయి, అప్పుడే సరిచేయించాలి.

బయటి మూల మీద, అంటే పిల్లర్ అంచు మీద, పేపర్ ఆపొద్దు. తగిలి తగిలి అంచు లేస్తుంది. హాలు, డైనింగ్ కలిసి ఒకే పొడవాటి గోడ అయి మధ్యలో మూలే లేకపోతే రెండు పేపర్ల మధ్య T ఆకారంలో ఉండే సన్నటి మెటల్ పట్టీయో చెక్క బీడింగో పెట్టాలి. ఉత్తగా అంచుకు అంచు అతికిస్తే మందం తేడాతో అక్కడ మెట్టులా కనబడుతుంది.

ఇంకో పద్ధతి కింద టెక్స్చర్, పైన డిజైన్, మధ్యలో బీడింగ్. ఇది 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ఇళ్ల నుంచి వచ్చింది. నేల మీద పరిచే లినోలియం షీటును కనిపెట్టిన ఫ్రెడరిక్ వాల్టనే 1877లో అవిసె నూనె ముద్దతో ఉబ్బెత్తు గోడ అలంకరణ తయారుచేశాడు, దాని పేరు లింక్రస్టా. తర్వాత పదేళ్లకు కాగితపు గుజ్జుతో తేలికైన అనాగ్లిప్టా వచ్చింది. కుర్చీలు, బట్టలు తగిలే కింది భాగానికి గట్టివి, పైన సున్నితమైన డిజైన్ పేపర్ వేసేవారు. పిల్లల గదికి, డైనింగ్‌కి, సన్నటి కారిడార్‌కి ఈ ఆలోచన ఇప్పటికీ గొప్పగా పనిచేస్తుంది. కింద మూడు మూడున్నర అడుగులు రుద్దగలిగే ఎంబాస్డ్ (ఉబ్బెత్తు) వినైల్, పైన వాళ్లకు నచ్చిన బొమ్మలు. మీ సోఫా గోడకు మాత్రం వద్దు. సోఫా వీపు, బీడింగ్ గీత దాదాపు ఒకే ఎత్తుకు వచ్చి కొట్టుకుంటాయి.

ఇవన్నీ చేసే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి, గోడ ఆరిందా లేదా. కొత్త ఫ్లాట్ అన్నారు. కొత్త ప్లాస్టరింగ్‌లో నీరు చాలా రోజులు ఉంటుంది. వినైల్ దాన్ని బయటికి పోనివ్వదు, వెనక బూజు పడుతుంది, వాసన వస్తుంది. ఒక పాలిథిన్ కవర్‌ను గోడకు నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజంతా ఉంచండి. లోపల చెమ్మ పట్టితే ఇంకా ఆగాలి. బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడ, వాన కొట్టే బయటి గోడ ఉంటే ఒక వానాకాలం చూశాక వేయడం మంచిది. ఉప్పు తేలుతున్న గోడకు ఏ పేపర్ వేసినా నిలవదు. అక్కడ ముందు లీకేజీ బాగుచేయించాలి. గృహప్రవేశం తేదీ దగ్గరపడిందని తడిగోడ మీద వేయించడానికి మాత్రం ఒప్పుకోకండి. పెయింట్ వేసి గృహప్రవేశం చేసుకుని, పేపర్ తర్వాత వేయించుకోవచ్చు.

దేవుడి గది గోడకు కూడా పేపర్ అనుకుంటున్నారేమో, రోజూ దీపం, అగరుబత్తి వెలిగించే చోట టెక్స్చర్ వద్దు. గరుకులో మసి కూరుకుపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు కూడా ఇలాంటివి అడుగుతుంటారు కాబట్టి వాళ్లకో మాట. అక్కడ చాలా ఇళ్ల గోడలకు నారింజ తొక్కలా గుల్లగా టెక్స్చర్ పూత ఉంటుంది. దాని మీద అంటించి తీసేసే స్టిక్కర్ పేపర్లు సరిగ్గా పట్టవు, అంచులు లేస్తాయి. సొంత ఇల్లయితే ముందు ఆ గోడను నున్నగా చేయించాలి. అద్దె ఇల్లయితే డిజైన్ పేపర్‌ను ప్లైవుడ్ ప్యానెల్ మీద అతికించి గోడకు ఆనించుకోవడం నయం.

ఇక మీ కర్టెన్లు. ఆకుల గోడ ఉన్న హాల్లో కర్టెన్లు ప్లెయిన్‌గా, మీ టెక్స్చర్ పేపర్ రంగుకు దగ్గరగా, కాస్త ముదురుగా తీసుకోండి. డిజైన్ కావాలంటే కుషన్ కవర్ల మీద పెట్టండి, పోచంపల్లి ఇక్కత్ ఆ ఆకుపచ్చకు బాగుంటుంది.

అతికించే రోజు స్విచ్‌బోర్డుల ప్లేట్లు ఊడదీయించి, మెయిన్ ఆపించి పని చేయించండి. ఎంబాస్డ్ పేపర్ అతుకుల మీద గట్టి రోలర్‌తో నొక్కనివ్వకండి, టెక్స్చర్ అణిగిపోయి ఆ గీత మెరుస్తుంది. మెత్తటి బ్రష్షో స్పంజో చాలు. పని అయ్యాక రెండు రోజులు ఏసీ, ఫ్యాన్ వేయొద్దు. పేస్టు వేగంగా ఆరితే పేపర్ ముడుచుకుని అతుకులు తెరుచుకుంటాయి. ఆ రెండు రోజుల్లో అక్కడక్కడా గాలిబుడగలు కనబడితే కంగారుపడి నొక్కకండి, చాలావరకు ఆరేకొద్దీ వాటంతటవే దిగిపోతాయి. మూడో రోజుకీ ఉన్నవాటికే పనివాణ్ని పిలవండి.